చెప్పులు విడిచే కోర్టు

నేను కొంచెం కుంటుతాను. వానాకాలం వస్తే ఇంకొంచెం ఎక్కువ. ఏమైందని ఎవరైనా అడిగితే స్కూటర్ మీంచి పడ్డానని చెప్పేస్తాను. అడిగినవాళ్లకు అంతకన్నా తెలుసుకోవాలని ఉండదు, నాకు చెప్పే ఓపిక ఉండదు. నిజం చెప్పాలంటే నేను టెన్నిస్ ఆడేదాన్నని చెప్పాలి. పద్నాలుగేళ్లకు రాష్ట్రంలో, పదహారేళ్లకు దేశంలో నా వయసు పిల్లలందరినీ ఓడించాననీ, పదిహేడేళ్లకు ప్రొఫెషనల్ టోర్నీ ఒకటి గెలిచాననీ చెప్పాలి. అప్పుడు వాళ్లు నా కాలి వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి “అవునా!” అంటారు. ఆ “అవునా” వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే స్కూటర్.

అసలు సంగతి మా కల్లం దగ్గర మొదలవుతుంది. మాది శంషాబాద్ పక్కన ఊరు. మా పొలం చాలా వరకు విమానాశ్రయంలోకి పోయింది. మిగిలింది దాని కాంపౌండ్ గోడను ఆనుకుని ఒక ముక్క, ఆ ముక్కలో మా కల్లం. కోసిన పంటను తెచ్చి, పశువులతో తొక్కించి, గింజ రాల్చే చోటు అది. మట్టి తడిపి, రాతి గుండు దొర్లించి, పేడతో అలికి నున్నగా చేస్తారు. గింజ పడే నేల కాబట్టి అందులోకి ఎవరూ చెప్పులతో అడుగు పెట్టరు. కూలికి వచ్చినవాళ్లయినా, ఇంటి అల్లుడయినా, అప్పు అడగడానికి వచ్చిన షావుకారయినా గట్టు మీద విడిచి రావలసిందే. నేను పుట్టేనాటికే ఆ గట్టు మీద చెప్పులు విడిచే చోట నేల అరిగి గుంట పడి ఉండేది.

విమానాశ్రయం తెరిచిన 2008లో నాకు పన్నెండేళ్లు. పంట లేదు కాబట్టి కల్లంలో పని లేదు. మా బాపుకు ఆ విమానాశ్రయంలోనే కాంట్రాక్టు మీద తోటపని దొరికింది. తన పొలం ఎక్కడ ఉండేదో ఆ పక్కనే గడ్డి కత్తిరించడం, పూలకుండీలకు నీళ్లు పెట్టడం. యూనిఫాం ఇచ్చారు, నల్ల బూట్లు ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక బూట్లు తొడగని మనిషి. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి రాకుండా సరాసరి కల్లానికి పోయేవాడు. గట్టు మీద బూట్లు విడిచి, ఆ ఉత్త నేల మీద కాళ్లు ఆనించి కూర్చునేవాడు.

“కాళ్లు ఉడికిపోతున్నయే,” అనేవాడు అమ్మతో. “ఆ బూట్లల్ల మక్కకంకులు ఏస్తె గూడ ఉడుకుతయి.”

“ఉడికితె ఉడికినయి. ఆ బూట్లతోనే గద బువ్వ తింటున్నం,” అనేది అమ్మ. మా అమ్మ నోట మెత్తటి మాట రావడం నేను చాలా తక్కువసార్లు విన్నాను. నా నోరు అక్కడి నుంచే వచ్చింది.

ఒకరోజు బాపు ఇంటికి వచ్చిన తీరే వేరు. మనిషి నిలకడగా లేడు, కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాడు. ఏమైందంటే, దిగినవాళ్లు బయటికి వచ్చే గేటు దగ్గర కుండీలకు నీళ్లు పెడుతుంటే ఎవరో అమ్మాయి వచ్చిందట. భుజాన పెద్ద రాకెట్ల సంచి, మెడలో పూలదండ. చుట్టూ ఫొటోలు తీసేవాళ్లు. ఆ పిల్ల తండ్రి వెనక సామాన్ల ట్రాలీ తోసుకుంటూ వస్తున్నాడట. బాపు ఆ పిల్ల పేరు అడగలేదు. ఏ ఊరికి పోయి గెలిచిందో కూడా అడగలేదు. చూసిందంతా ఆ తండ్రినే.

“ఆయిన నడక చూడాలెనే,” అన్నాడు. “లోకంల ఇంకెవనికి బిడ్డ లేనట్టు నడుస్తుండు. మన బిడ్డను గూడ ఆడిపియ్యాలె.”

అమ్మ బియ్యం చాట దించకుండానే అంది: “ఏమాడిపిస్తవ్?”

“గదే, టెన్నిసు.”

“గదెక్కడ ఆడుతరో ఎరికేనా?”

“ఆడెతందుకు జాగ గావాలె. జాగ మనకున్నది గద.”

అలా మా కల్లం టెన్నిస్ కోర్టయింది. మా స్కూల్లో డ్రిల్లు సారు ఎక్కడో అడిగి కొలతలు చెప్పాడు. బాపు కల్లాన్ని ఇరువైపులా పెంచాడు. షాద్‌నగర్ వైపు నుంచి ఎర్రమట్టి తోలించి, తడిపి, పక్క ఊరి నుంచి గుండు అడిగి తెచ్చి, సెలవు రోజులన్నీ దొర్లించాడు. పేడతో అమ్మ అలికింది. నడుమ పశువులను కట్టి తిప్పే గుంజ ఉండేది, దాన్ని పెకిలించి వల కట్టడానికి ఒక పక్కన పాతాడు. వల అంటే కూరగాయల తోట చుట్టూ కట్టే ప్లాస్టిక్ వల. గుంజ పీకిన చోట ఎన్నిసార్లు పూడ్చినా మెత్తగా ఉండేది, బంతి అక్కడ పడితే లేచేది కాదు. గీతలు అమ్మ ముగ్గుపిండితో గీసేది. “ఇంటి ముంగట ఒక ముగ్గు, ఈడొక ముగ్గు. ఇగ నాకు వేరే పనేమున్నది!” అని సణుగుతూనే తాడు పట్టుకుని ఎంత తిన్నగా గీసేదో చెప్పలేను.

మొదటి రోజు నేను స్కూలు బూట్లు తొడుక్కుని, డ్రిల్లు సారు వెతికి ఇచ్చిన పాత రాకెట్ పట్టుకుని కల్లంలోకి దిగబోయాను. బాపు గట్టిగా అరిచాడు.

“ఏయ్! కల్లంల బూట్లేంది? ఇడిచి రా!”

“బాపూ, టెన్నిస్ బూట్లతోనే ఆడుతరు. టీవీల చూడలేదా?”

“వాళ్లు ఆడితె ఆడుకోనీ. గది వాళ్ల జాగ. ఇది కల్లం.”

ఇంకేం మాట్లాడతాం! విడిచాను. ఆ తర్వాత ఆరేళ్లు ఆ నేల మీద నా కాలికి ఏమీ తొడగలేదు. పేడ అలికిన ఎర్రమట్టి మీద ఉత్తకాళ్లతో పరుగెత్తడం ఎలా ఉంటుందో టెన్నిస్ ఆడే పిల్లల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదని నా నమ్మకం. వేళ్లు నేలను పట్టుకుంటాయి. ఆగాలంటే మడమ ఆనించి జారుతాం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తప్ప ఆ నేల ఎప్పుడూ చల్లగానే ఉండేది. నెత్తి మీంచి విమానాలు పోతుంటే మాటలు వినిపించేవి కావు. అయినా బాపు ఆ చివర నిలబడి బుట్టలోంచి బంతులు విసురుతూ లెక్క పెట్టేవాడు, ధాన్యం కొలిచినట్టు: “లాభం, రెండు, మూడు...” ఒకటి అనడు. కల్లంలో మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. నేను సర్వీసు వల దాటించలేకపోతే ఆ లాభం మళ్లీ మొదటి నుంచి వచ్చేది. కొన్ని రోజులు లాభం దగ్గరే పొద్దు గూకేది, నాకు ఏడుపొచ్చేది.

స్కూళ్ల పోటీలో నన్ను చూసి అత్తాపూర్‌లో కోచింగ్ ఇచ్చే సార్ ఒకాయన పిలిచాడు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ మనిషి. ఎవరినీ నువ్వు అనేవాడు కాదు, పిల్లలను తప్ప. ఆయన కోర్టులు సిమెంటువి, పైన ఆకుపచ్చ రంగు. బాపు నన్ను తీసుకుపోయిన మొదటి రోజు నడి ఎండ. కోర్టు గేటు దగ్గర బాపు అలవాటుగా చెప్పులు విడిచాడు. రెండడుగులు వేశాడో లేదో నిప్పుల మీద పడ్డట్టు ఎగిరాడు. అక్కడున్న పిల్లలు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“వేసుకోండి, వేసుకోండి,” అన్నాడు సార్ కంగారుగా. “ఇక్కడ చెప్పులు విడవక్కర్లేదండీ.”

“పర్వాలే సార్,” అని బాపు కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు గానీ తొడుక్కోలేదు. ఆ పిల్లలను నేను ఆ ఏడాది లోపలే ఒక్కొక్కరినీ ఓడించాను. నవ్వినందుకే ఓడించాను. ఇప్పటికీ నాకు దాని గురించి సిగ్గేమీ లేదు.

అలా రెండు నేలల మీద పెరిగాను. తెల్లారి మా కల్లంలో ఉత్తకాళ్లతో, సాయంత్రం అత్తాపూర్‌లో బూట్లతో. కొత్త ఫ్లైఓవర్ మీంచి బస్సు దూసుకుపోతుంటే కిటికీ పక్కన కూర్చుని బూట్ల లేసులు కట్టుకునేదాన్ని. బూట్లు తొడిగితే కాళ్లు రెండూ చెరొక బకెట్‌లో పెట్టినట్టుండేది. సార్‌కు సంగతి తెలిసి మండిపడ్డాడు. ఆ నేల మీద నేర్చుకున్న జారుడు సిమెంటు మీద పనికిరాదనీ, పాదం మీద భారమంతా పడుతుందనీ చెప్పాడు. “ఇంటి దగ్గర కూడా బూట్లు వేసుకునే ఆడమ్మా, లేదంటే అక్కడ ఆడటం మానెయ్,” అన్నాడు. ఈ మాట బాపుకు చెబితే కళ్లెర్రజేశాడు.

“సార్ మంచోడే. కని కల్లం సంగతి సార్‌కేం తెలుసు?”

నేను రెండు వైపులా తల ఊపాను. ఎందుకు ఊపననుకున్నారు? గెలుస్తున్నాను. రాష్ట్రంలో గెలిచాక పేపర్లో ఫొటో వచ్చింది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నవాళ్లు “మన ఊరి బిడ్డ” అనడం మొదలుపెట్టారు. దేశంలో గెలిచాక సార్ నన్ను ప్రొఫెషనల్ టోర్నీలకు పంపాడు. అక్కడ ఆడే ఆడవాళ్లు నాకన్నా ఏళ్లు పెద్ద. వాళ్ల చూపుకే నేను మొదట్లో సర్వీసు వలలోకి కొట్టేదాన్ని. 2013లో ఉత్తరాదిన ఒక ఊళ్లో వాళ్లనే ఓడించి కప్పు పట్టుకున్నాను. రైలెక్కి, కప్పును దుప్పట్లో చుట్టి తల కింద పెట్టుకుని ఇంటికి వచ్చాను. కాచిగూడ స్టేషన్‌కు బాపు వచ్చాడు. కప్పు చూసి సంతోషపడ్డాడు, అబద్ధం చెప్పను. కానీ దారిలో అన్నాడు:

“రైల్ల వస్తె గట్లెట్ల బిడ్డా? నేనెక్కడ నిలవడాలె?”

అప్పుడు నాకు అర్థమయింది, ఆయన మనసులోంచి ఆ గేటు పోలేదు. ఏళ్ల తరబడి దాని ముందు కుండీలకు నీళ్లు పెడుతున్నాడు. దాంట్లోంచి నేను రావాలి, తను ట్రాలీ తోయాలి. అంతే. నా ర్యాంకు ఎంతో ఆయనకు పట్టదు. మరుసటి ఏడాది మొదట్లో ఒక టోర్నీ ఉంది, అది గెలిస్తే బయటి దేశాలకు పంపే పిల్లల్లో నన్ను చేర్చుకుంటామని టెన్నిస్ సంఘం పెద్దవాళ్లు సార్‌తో అన్నారు. పోవడం విమానంలో, రావడం విమానంలో. నేను కూడా ఆ గేటునే కలలు కనడం మొదలుపెట్టాను. ఇక నాకు ఆ టోర్నీ తప్ప వేరే లోకం లేదు.

నొప్పి మొదలయింది అప్పుడే. కుడి పాదం పైన, నడుమ. మొదట్లో ఆట అయ్యాక వచ్చేది, తర్వాత ఆట మధ్యలో, తర్వాత బూటు తొడగగానే. నేను నొప్పి దాచుకునే రకం కాదు. తలనొప్పి వచ్చినా ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాను. సార్‌కు చెప్పాను, అమ్మకు చెప్పాను, బాపుకు చెప్పాను. అమ్మ ఉప్పునీళ్లు కాచి కాలు పెట్టమంది. సార్ పాదాన్ని వేలితో నొక్కి, నేను కెవ్వుమనగానే మొహం మార్చుకున్నాడు. బాపుకు ఫోన్ చేశాడు.

“ఎక్స్‌రే తీయించండి. ఆలస్యం చేయకండి. ఇది ఎముక నొప్పిలా ఉందండీ.”

బాపు మర్నాడు పొద్దున నన్ను కల్లానికి తీసుకుపోయాడు. బూట్లు లేవు కదా, నాలుగు బంతులు ఆడి చూడమన్నాడు. ఆడాను. నొప్పి లేదు. ఇంకా ఆడాను. లేదు. ఎంత ఆశ్చర్యమంటే నేను ఆ చివర నుంచి ఈ చివరకు ఉత్తినే పరుగెత్తి చూశాను.

“చూసినవా!” అన్నాడు బాపు. ఆయన మొహం వెలిగిపోతోంది. “రోగం కాలుది గాదు. బూట్లది! నా కాళ్లు ఉడికినట్టే నీ కాళ్లు గూడ. జర కొన్ని దినాలు ఆ సిమెంటు మీదికి పోకు. కల్లంలనే ఆడు. అదే సదురుకుంటది.”

నేను నమ్మాను. ఎందుకు నమ్మను? కాలు నాది, నొప్పి లేదని నాకే తెలుస్తోంది. బాపు సార్‌కు ఫోన్ చేసి “ఎక్స్‌రే ఎందుకు సార్, మా కల్లంల ఆడితె నొప్పే లేదు,” అన్నాడు. సార్ అటు నుంచి ఏమన్నాడో నాకు వినిపించలేదు గానీ చాలాసేపు మాట్లాడాడు. బాపు ఓపిగ్గా “గట్లనే సార్, గట్లనే” అంటూ విని, ఫోన్ పెట్టేసి బుట్ట ఎత్తుకున్నాడు. కల్లానికి మళ్లీ పేడ అలికించాడు. గుంజ పీకిన గుంటలో కొత్త మట్టి పోసి దిమ్మిస కొట్టాడు. టోర్నీ వరకు నేను బూటు ముట్టలేదు. ప్రతి పొద్దూ లాభం, రెండు, మూడు. నా సర్వీసు ఎన్నడూ లేనంత వేగంగా పడుతోంది. ఆ రోజులు నా జీవితంలో అన్నిటికన్నా మంచి రోజులు. అది తలచుకుంటేనే నాకు ఎక్కువ ఏడుపొస్తుంది.

టోర్నీ దూరాన వేరే రాష్ట్రంలో, సిమెంటు కోర్టుల మీద. మొదటి మ్యాచ్‌లోనే నొప్పి వచ్చింది. బూట్ల పని అనుకుని పళ్లు బిగపట్టాను. రెండో మ్యాచ్ గెలిచాను, మూడోది గెలిచాను. సార్ ప్రతిసారీ “ఆపేద్దామమ్మా” అంటున్నాడు, నేను ప్రతిసారీ ఆయన మీద విరుచుకుపడుతున్నాను. సెమీఫైనల్లో ఒక బంతి కోసం ముందుకు ఉరికి, ఆగడానికి మడమ ఆనించి జారబోయాను, మా కల్లంలో జారినట్టు. సిమెంటు జారనిస్తుందా? పాదం అక్కడే ఉండిపోయింది, నేను ముందుకు పోయాను. ఎండిన కందికట్టె విరిచినట్టు అనిపించింది. చప్పుడు చెవికి వినపడలేదు, మోకాలి దాకా తెలిసింది. లేచి నిలబడి సర్వీసు చేద్దామనుకున్నాను. బంతి పైకి వేశాను కూడా. మళ్లీ కిందపడ్డాను. అవతలి అమ్మాయి వల దాటి వచ్చి నా తల పట్టుకుంది. నేను ఆమెను తిట్టాను. తెలుగులో తిట్టాను కాబట్టి ఆమెకు అర్థం కాలేదు.

రైల్లో పడుకోబెట్టి తీసుకుపోవడం కుదరదని అక్కడివాళ్లు సార్‌నూ నన్నూ విమానం ఎక్కించారు. ఆరేళ్లు నా నెత్తి మీంచి పోయిన విమానం, నేను ఎక్కడం అదే మొదలు. కాలికి పలకలు పెట్టి కట్టు కట్టారు. దిగేముందు సార్ కిటికీ చూపించాడు. “మీ ఊరు కనిపిస్తుందేమో చూడమ్మా.” చూశాను. గోడ పక్కన ఎర్రగా, పలక అంత ముక్క కనిపించింది. చుట్టూ అంతా రియల్ ఎస్టేట్ రాళ్లు పాతిన బీళ్లు. గీతలు కనిపించాయని అనుకున్నాను గానీ అంత పై నుంచి కనిపించవు. ఆ ముక్క రెక్క కిందికి పోయింది.

ఎక్కేముందే సార్ బాపుకు ఫోన్ చేసి, విమానంలో వస్తున్నామని, కాలికి దెబ్బ తగిలిందని, కంగారు పడొద్దని చెప్పాడు. ఎముక సంగతి ముఖాముఖి చెబుదామనుకున్నాడు. బాపు విన్నదాంట్లో విమానం ఒక్కటే మనసుకు పట్టింది. నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆ గేటులోంచి బయటికి తెచ్చారు. బాపు యూనిఫాంలోనే ఉన్నాడు. తల దువ్వుకున్నాడు. ఎవరిని బతిమాలి తెచ్చాడో, రెండు చేతులతో ఒక ఖాళీ ట్రాలీ పట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు. నవ్వుతున్నాడు. మనుషుల మధ్య నుంచి నా మొహం కనిపించినప్పుడు నవ్వు ఇంకా పెద్దదయింది. తర్వాత కుర్చీ కనిపించింది.

ఆయన సార్ చేతిలోంచి నా రాకెట్ల సంచి తీసుకుని ట్రాలీలో పెట్టాడు. నా కుర్చీ వెనకే ఆ ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. నేను వెనక్కి తిరిగి ఆ నడక చూడలేదు. నాకు ధైర్యం లేకపోయింది.

దవాఖానలో డాక్టరు ఫొటోలు వెలుగుకు పట్టి చూపించాడు. పాదం నడిమి ఎముక రెండు ముక్కలు. ఇది ఇవాళ విరిగింది కాదనీ, సన్నటి చీలికగా మొదలై నెలలయిందనీ, అప్పుడే కట్టు వేసి కదలకుండా ఉంచితే అతుక్కునేదనీ చెప్పాడు. బాపు చేతులు కట్టుకుని విన్నాడు. అంతా విన్నాక మెల్లగా అడిగాడు:

“సార్, సిమెంటు మీదికి పోకుంట మా మట్టినేల మీద ఆడిపిచ్చిన. ఆడ నొప్పి లేకుండె. గది మంచిదే గద సార్?”

డాక్టరు దురుసు మనిషి కాదు. ఉన్న మాట చెప్పాడు. “మెత్తటి నేల కాబట్టి నొప్పి తెలియలేదు. ఆడుతున్నకొద్దీ లోపల చీలిక పెరిగింది. ఆ రోజుల్లో కదలకుండా కూర్చోబెట్టి ఉంటే బాగుండేది.”

నేను మంచం మీంచే అందుకున్నాను. “బాపు తప్పు కాదు. నేనే ఆడిన. నాకే నొప్పి లేకుండె.” గొంతు చించుకుని అన్నాను. బాపు వినలేదు. ఆయన చూపు డాక్టరు చేతిలోని ఫొటో మీదే ఉంది.

ఆపరేషన్ అయింది. ఎముక అతకలేదు. మళ్లీ చేశారు. రాష్ట్రం వచ్చిందని ఊరంతా పటాకులు కాలుస్తున్న రోజున నేను కిటికీ దగ్గర కాలు ఎత్తుమీద పెట్టుకుని కూర్చున్నాను. వానలు పడ్డాక డాక్టరు చివరి మాట చెప్పాడు: నడుస్తావు, పరుగెత్తే ఆట మాత్రం ఇక వద్దు. సార్ నన్ను ఆటోలో ఇంటి దాకా దింపి, దారంతా కళ్లు తుడుచుకుని, గుమ్మం దగ్గర మాత్రం “ధైర్యంగా ఉండమ్మా” అని వెళ్లిపోయాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. నా మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

“బాపు కల్లం కాడున్నడు,” అంది. “డ్యూటీ నుంచి అచ్చినప్పటి సంది ఆడనే ఉన్నడు. పో. నాతోని మాట్లాడుత లేడు.”

చంకల కింద కర్రలు పెట్టుకుని పోయాను. వానలకు కల్లం పాడయిపోయింది. అలికే దిక్కు లేక పగుళ్లు, అక్కడక్కడ గరక. అమ్మ గీసిన గీతలు ఎప్పుడో కొట్టుకుపోయాయి. బాపు అవతలి పక్కన వల విప్పుతున్నాడు. గట్టు దగ్గర ఆగి, కర్రల మీద బరువు ఆనించి, మంచి కాలి చెప్పు విడవడానికి వంగాను. రెండో కాలికి కట్టు ఉంది.

“ఇడువకు బిడ్డా,” అన్నాడు బాపు అక్కడి నుంచే. “ఏం గాదు. చెప్పుతోనే రా.”

తలెత్తి చూశాను. కల్లం నడుమ నిలబడ్డ ఆయన కాళ్లకు నల్ల బూట్లున్నాయి.

నా ఒంట్లో ఎక్కడెక్కడి కోపమంతా లేచింది. కాలు విరిగినప్పుడు రాలేదు ఆ కోపం. డాక్టరు చెప్పినప్పుడు రాలేదు. “బూట్లిడువు బాపూ!” అని అరిచాను. “కల్లంల బూట్లేంది? ముందుగాల నువ్వు ఇడువు!”

“ఇగ కల్లమెక్కడిదే,” అన్నాడు. “ఒట్టి జాగ. నీ కాలు గిట్ల చేసింది ఇదే గద. దీనికి ఏం మర్యాద?”

చెప్పు అక్కడే విసిరికొట్టి ఉత్తకాలితో లోపలికి పోయాను. కర్రలు మెత్తటి మట్టిలో దిగబడుతున్నాయి. నేల ఎప్పటిలాగే చల్లగా ఉంది. నేను కుంటుతూ రావడం, ఆ ఒక్క పాదం నేల మీద పడటం చూస్తూ చూస్తూ బాపు మెల్లగా కూలబడ్డాడు. నేనూ ఆయన పక్కన కూలబడ్డాను. ఆయన కాళ్లు నా ఒళ్లోకి లాక్కుని, తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ ఆ లేసులు విప్పాను. ఆయన చిన్నపిల్లాడిలా కాళ్లు ఇచ్చి కూర్చున్నాడు. ఒక బూటు గట్టు మీదికి విసిరాను. రెండోది నా బలం కొద్దీ విసిరితే గోడ దాకా పోయి గరకలో పడింది.

ఒక విమానం దిగింది. అది పోయాక బాపు గోడ వైపు చూసి అన్నాడు:

“రేపు డ్యూటీకి ఏమేస్కపోవాలె బిడ్డా?”

నేనే కర్రలు పట్టుకుని లేచి, కుంటుకుంటూ పోయి, గరకలో వెతికి ఆ బూటు తెచ్చి గట్టు మీద పెట్టాను.